బల్ల దగ్గర మనిషి

కోర్టు అమీనా లోపలికి వచ్చేసరికి అక్క ఒక చొక్కా కాలర్ ఇస్త్రీ మీద ఉంది. కాలర్ మీద ఉన్నప్పుడు ఎవరొచ్చినా ఆమె తలెత్తదు. కొసల దగ్గర మొదలుపెట్టి మధ్యకి తోసుకురావాలి. సగంలో ఆపితే అక్కడొక మడత పడుతుంది, ఎన్ని నీళ్లు చిలకరించినా పోదు. అందుకని ఆమెకి ముందు కాళ్లే కనిపించాయి. నల్లబూట్లు, వాటి వెనక తెల్లచెప్పులు. తెల్లచెప్పులు ఎవరివో తెలుసు. అప్పులిచ్చే ఫైనాన్సాయనవి. బూట్లు కొత్త మనిషివి.

"ఇస్త్రీ ఆపమ్మా. కోర్టు నుంచి వచ్చాను. అమీనాని," అన్నాడు బూట్లాయన.

"ఇంకో కొస ఉంది."

ఆ కొస అయ్యాకే ఇస్త్రీపెట్టె నిలబెట్టింది.

వీధి మొత్తం ఆమెని అక్క అనే పిలుస్తుంది. ఆమెకంటే పెద్దవాళ్లు కూడా అంతే. నిజానికి ఆమెకున్నది ఒకడే తమ్ముడు. నలభై దాటినా వాణ్ని ఇప్పటికీ చిన్నోడంటారు. లాండ్రీ బోర్డు మీద ఉన్నది చిన్నోడి పేరు. ఉతికే మిషను, ఆరబెట్టే డ్రమ్ము, ఆవిరి బల్ల, అన్నిటి బిల్లులూ వాడి పేరు మీదే. పేకగదిలో చేసిన అప్పులూ వాడి పేరు మీదే. ఆ అప్పులు తీర్చలేనని కోర్టులో చేతులెత్తేసి ఐపీ పెట్టిందీ వాడే. బల్ల దగ్గర పొద్దుణ్నించి నిలబడేది మాత్రం అక్క.

అమీనా జేబులోంచి సుద్దముక్క తీశాడు. మిషను మీద ఒక ఇంటూ గీశాడు. డ్రమ్ము మీద ఒకటి గీశాడు. బల్ల దగ్గరికొచ్చి, ఆవిరి తగిలి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"కాలుద్ది," అంది అక్క ఆలస్యంగా.

ఫైనాన్సాయన నవ్వలేదు. "ఇవన్నీ ఎత్తించండి సార్. బండి మాట్లాడాను. మూల మీద ఉంది."

వెనకగదిలోంచి చిన్నోడు కళ్లు నులుముకుంటూ వచ్చాడు. అమీనాని చూసి లుంగీ సర్దుకున్నాడు. ఫైనాన్సాయన్ని చూసి సర్దుకోవడం మానేశాడు.

"ఇవి నా పనిముట్లండీ. వీటి మీదే బతుకుతున్నాను. పనిముట్లు ముట్టుకోకూడదని మా లాయరు చెప్పాడు," అన్నాడు అమీనాతో.

"నీ పనిముట్లా?" అన్నాడు ఫైనాన్సాయన. "నువ్వు చేత్తో పట్టుకునేవి పేకముక్కలు. వాటిని తీసుకెళ్లంలే, ఉంచుకో."

అమీనా సుద్దముక్క వేళ్ల మధ్య తిప్పుకుంటూ నిలబడ్డాడు. ఎండలో పడి వచ్చినట్టుంది, మెడంతా చెమట. "రూలుంది," అన్నాడు చివరికి. "ఐపీ పెట్టినవాడు చేతిపని చేసుకుని బతికేవాడైతే, ఆ పనికి కావలసిన సామాను జప్తు చేయకూడదు. కానీ ఆ పని అతనే చెయ్యాలి."

"చేసేది నేనండీ," అంది అక్క. "ఊళ్లో ఎవరినైనా అడగండి."

ఆ మాటకి ఫైనాన్సాయన మొహం వెలిగింది. అమీనా మాత్రం ఆమె వంక జాలిగా చూశాడు.

"అమ్మా, నువ్వు చేస్తున్నావని రాస్తే, ఇవి అతని పనిముట్లు కాకుండా పోతాయి. ఉత్త సామాను అవుతాయి. ఇప్పుడే బండెక్కించొచ్చు. నీ పేరు మీద ఒక్క బిల్లన్నా ఉందా?"

అక్క చిన్నోడి వంక చూసింది. వాడు గోడ వంక చూశాడు.

"లేదు," అంది.

"అయితే ఆ మాట నేను వినలేదు," అన్నాడు అమీనా. "సోమవారం వస్తాను. నా కళ్లముందు ఇతను ఒక చొక్కా ఇస్త్రీ చెయ్యాలి. చేతనైనవాడి చెయ్యో కాదో నాకు తెలుస్తుంది. మా నాన్న దర్జీ."

వాళ్లు వెళ్లాక అక్క చొక్కా మడతపెట్టి, గుండీ మీద చీటీ పిన్ను గుచ్చింది. చిన్నోడు మంచినీళ్లు తాగాడు.

"నేర్పక్కా," అన్నాడు. "ఎంతసేపు, చొక్కాయే కదా."

ఆమె వాణ్ని కొట్టలేదు. చేతిలో పెట్టె వేడిగా ఉంది కాబట్టి కొట్టలేదు.

*

ఆ సాయంత్రమే మొదలుపెట్టింది. వీధి వైపున్న బల్ల దగ్గరే నిలబెట్టింది. లోపల నేర్పుదామంటే వెలుతురు చాలదు, వెలుతురు లేకపోతే ముడత కనపడదు.

"ముందు తడి చూసుకోవాలి. గుడ్డ చేతికి చల్లగా తగలాలి, తడిగా తగలకూడదు. తెలిసిందా?"

"చల్లగా. తడి కాదు."

"పెట్టె పట్టుకో."

చిన్నోడు పొయ్యి మీది గిన్నె దించేవాడిలా రెండు చేతులతో పట్టుకున్నాడు. టీకొట్టు దగ్గర నిలబడ్డ ఇద్దరు నవ్వారు. అక్క వాడి ఎడమచెయ్యి లాగేసి గుడ్డ మీద పెట్టింది. "ఇది గుడ్డని సాగదీసే చెయ్యి. అది నడిపే చెయ్యి. రెండూ పోట్లాడుకోకూడదు."

"మనిద్దరిలా," అన్నాడు చిన్నోడు.

"నోరు కాదు, చెయ్యి ఆడించు."

భుజం పట్టీ ముందు. ఆ తర్వాత కాలర్, చేతి పట్టీలు, చేతులు, బొత్తాం పట్టీ, చివరికి వీపు. పెద్ద జాగా ముందు చేస్తే చిన్నవి చేసేలోపు నలిగిపోతుంది. ఇదంతా చెప్పింది. చెప్తుంటే ఆమెకే వింతగా ఉంది. ఇన్నాళ్లూ చేసింది గానీ ఎవరికీ చెప్పలేదు. ఆమెకి నాన్న చెప్పాడు. వీడికీ చెప్పాడు. ఇద్దర్నీ ఒకే బల్లకి చెరో పక్కన నిలబెట్టి చెప్పాడు. కానీ వీడు ఆ పక్కనుంచి ఎప్పుడు జారిపోయాడో ఆమె చూసుకోలేదు.

చిన్నోడు చొక్కా వీపు మీద పెట్టె ఆపి, టీకొట్టు వైపు తిరిగి ఏదో జవాబు చెప్పాడు. వాసనొచ్చింది. అక్క పెట్టె లాక్కునేసరికి తెల్లచొక్కా వీపున గోధుమరంగు పడవ ఒకటి అచ్చు పడింది.

"ఎవరిదక్కా?"

"బడి పంతులుది. నువ్వే వెళ్లి చెప్పు."

"నేను వెళ్తే డబ్బులు అడగడానికొచ్చాననుకుంటాడు," అన్నాడు వాడు. నిజమే. పంతులు దగ్గర కూడా అప్పు ఉంది.

చీకటి పడుతుంటే టీకొట్టాయన టీ గ్లాసు పట్టుకుని వచ్చాడు. ఊరికే తెచ్చినట్టే తెచ్చాడు. "ఏమంటావక్కా, కుదురుద్దా సోమవారానికి?"

అక్క కాలిన చొక్కాని వెలుతురులో పట్టుకుని చూస్తోంది. "కుదరదు. వాడి చేతిలో పస లేదు. మూడేళ్ల పిల్లైనా ఇంతకంటే నయంగా పట్టుకుంటుంది. సోమవారం మిషన్లు పోతాయి, నేను రోడ్డు మీద నిలబడతాను."

"అంతేనంటావా."

"అంతేనంటాను."

టీకొట్టాయన తల ఊపుకుంటూ వెళ్లిపోయాడు. గ్లాసు వెనక్కి తీసుకెళ్లడం మర్చిపోయాడు.

*

మర్నాడు హోటలావిడ వచ్చింది. పెద్ద హోటల్లో దుప్పట్ల గది ఆవిడ చూసుకుంటుంది. తన యూనిఫారం మాత్రం అక్క దగ్గరే ఇస్త్రీ చేయిస్తుంది. అక్కడి వాళ్ల చేతి మడత ఆవిడకి నచ్చదు.

"విన్నాను," అంది బెంచీ మీద కూర్చుంటూ. "నా దగ్గరో మనిషి కావాలి. ఎన్నిసార్లు అడిగాను నిన్ను?"

"షాపు ఉండగా ఎట్లా వస్తానమ్మా."

"షాపు నీదా?"

అక్క యూనిఫారం జేబు లోపలి గుడ్డని వేలితో బయటికి తీసి, ముందు దాన్ని చదును చేసింది. జేబు లోపల నలిగితే పైన గుర్తు పడుతుంది.

"ఇంకోటి చెప్పనా, ఏమీ అనుకోవుగా? ఊరందరివీ కత్తిలా చేస్తావు. నీ ఒంటి మీద ఉన్నది చూడు, కుక్క నమిలినట్టుంది."

అక్క తన బట్టల వంక చూసుకుంది. అబద్ధమేం కాదు. తనవి ఎప్పుడూ తాడు మీంచి తీసినవి తీసినట్టే వేసుకుంటుంది. బల్ల ఎప్పుడూ వేరేవాళ్ల గుడ్డలతో నిండి ఉంటుంది. తన వంతు వచ్చేసరికి పెట్టె చల్లారి ఉంటుంది.

హోటలావిడ వెళ్లాక గూడు మీది దుమ్ము తుడుస్తుంటే ఖాళీ కనిపించింది. నాన్న వాడిన ఇత్తడి ఇస్త్రీపెట్టె అక్కడుండేది, బొగ్గులు పోసేది. ఇప్పుడు వాడరు. ఆదివారం ఆదివారం ఆమె దాన్ని తోముతుంది, అంతే.

"నాన్న పెట్టె ఏదిరా?"

చిన్నోడు గిన్నెలోంచి తల ఎత్తకుండా తింటున్నాడు. "దాచాను. అమీనా దాని మీద కూడా సుద్ద గీస్తే? ఇత్తడి కదా, ముందు అదే ఎత్తుకెళ్తాడు."

అక్క చాలాకాలం తర్వాత వాడికి ఇంకొంచెం కూర వేసింది.

ఆ రోజు పాఠం ఇంకా అధ్వానంగా నడిచింది. కాలర్ మధ్యలో మొదలుపెట్టి కొసలకి తోశాడు. కొసలు పిల్లి చెవుల్లా లేచాయి. ఆమె వాడి చెయ్యి మీద తన చెయ్యేసి, పెట్టెతో పాటు నడిపించింది. మెత్తటి చెయ్యి. ఒక్క కాయ లేదు. ఆమె అరచేతిలో కాయలు వాడి వేళ్లకి గుచ్చుకుంటున్నాయి.

"నా చేతికి పదమూడు ముక్కలే అలవాటక్కా," అన్నాడు, టీకొట్టుకి వినపడేంత గట్టిగా. "పద్నాలుగోది పట్టదు."

అక్కడ మళ్లీ నవ్వులు. ఆ కొట్టు దగ్గర నిన్నటికంటే జనం పెరిగారు. వాళ్లలో కొందర్ని ఆమె ఈ వీధిలో ఎప్పుడూ చూడలేదు.

ఒక్కటి మాత్రం గమనించింది. నవ్వుతూ, అటు తిరిగి మాట్లాడుతూ, వాడు పెట్టెని చూడకుండానే మడమ మీద నిలబెట్టాడు. తడబడలేదు. కొత్తవాళ్లెవరూ అట్లా నిలబెట్టలేరు, ముందు పక్కకి పడేస్తారు. చూసింది గానీ, సోమవారం భయంలో దాన్ని పక్కన పెట్టేసింది.

*

సోమవారం మధ్యాహ్నం ఎండ తగ్గాక వచ్చారు. బండి ఈసారి మూల మీద ఆగలేదు, గుమ్మం ముందే ఆగింది. ఎత్తేవాళ్లు తాళ్లు భుజాన వేసుకుని దిగారు. వీధిలో సగం మంది టీకొట్టు దగ్గరే ఉన్నారు.

అక్క ఒక చొక్కా తీసి పెట్టింది. మందంగా, మాటవినే గుడ్డ. తడి కూడా తనే చూసి, చుట్టి ఉంచింది. అమీనా దాన్ని విప్పబోతుంటే ఫైనాన్సాయన అడ్డం వచ్చాడు.

"ఆవిడిచ్చింది వద్దు సార్. నాది చెయ్యమనండి."

గుండీలు విప్పుకుని ఒంటి మీది చొక్కా తీసి బల్ల మీద పడేశాడు. పల్చటి తెల్లగుడ్డ, గంజి పెట్టింది. చెమటకి వీపంతా నలిగిపోయి ఉంది. ఆయన బనియనుకి చంక కింద చిరుగు. అందరి అప్పులూ రాసుకునే మనిషికి అంత చిరుగు ఉంటుందని వీధిలో ఎవరూ అనుకోలేదు. ఎవడో దగ్గాడు.

ఆ గుడ్డ అక్కకే కష్టం. వేడి కొంచెం ఎక్కువైతే పసుపెక్కుతుంది. తక్కువైతే గంజి పెట్టెకి అంటుకుని లేచొస్తుంది.

"కానివ్వు," అన్నాడు అమీనా.

చిన్నోడు బల్ల ముందుకొచ్చాడు. చొక్కా ఎత్తి వెలుతురుకి పట్టాడు. వేడి తగ్గించాడు. వేలి కొసని నాలుకకి తాకించి పెట్టె అడుగున అంటించీ అంటించనట్టు తీశాడు, చుయ్‌మంది. ఆ చప్పుడు వింటూ తల కొంచెం వంచాడు. ఆ తల అట్లా వంచేది నాన్న.

గుప్పెట్లో నీళ్లు తీసుకుని వేళ్ల సందుల్లోంచి వదిలాడు. వానతుంపరలా పడింది. భుజం పట్టీ బల్ల అంచుకి తొడిగి, రెండే రెండు తోపుల్లో నునుపు చేశాడు. కాలర్ తిరగేసి, అడుగువైపు ముందు, కొస నుంచి మధ్యకి, ఆ కొస నుంచి మధ్యకి. ఎడమచెయ్యి ముందు నడుస్తుంటే పెట్టె దాని వెనకే, ముక్కు తగలకుండా. బొత్తాముల మధ్య పెట్టె మొన దూరి బయటికొచ్చింది, ఒక్క బొత్తాం కూడా చప్పుడు చెయ్యలేదు. మణికట్టు తిరుగుతోంది. అక్క చెయ్యి ఎప్పుడూ అట్లా తిరగలేదు. ఆమె బలంతో చేస్తుంది. వీడు బరువు పెట్టెకే వదిలేశాడు.

టీకొట్టు దగ్గరివాళ్లు గ్లాసులు పక్కన పెట్టి చూస్తున్నారు.

మడతపెట్టి, కాలర్ కింద అట్టముక్క దోపి, రెండు చేతుల మీద పెట్టి ఫైనాన్సాయనకి అందించాడు. "వేసుకోండి. చలిగాలి."

ఆయన తీసుకున్నాడు.

"ఇస్త్రీ డబ్బులు," అన్నాడు చిన్నోడు చెయ్యి చాపి. "ఐపీ పెట్టినవాణ్నండీ. అప్పు ఇవ్వలేను."

అమీనాకి కూడా నవ్వొచ్చింది గానీ మింగేశాడు. జేబురుమాలు తీసి మిషను మీది ఇంటూ తుడిచాడు, డ్రమ్ము మీదిదీ తుడిచాడు. బల్ల మీదే కాగితం పెట్టుకుని రాయడం మొదలుపెట్టాడు.

"పనిలో సాయం ఎవరన్నా ఉన్నారా?"

"ఎవరూ లేరండీ," అన్నాడు చిన్నోడు. "మొదట్నించీ నేనొక్కణ్నే."

అమీనా కలం ఆపి అక్క వంక చూశాడు. "నిజమేనా అమ్మా? సాక్షిగా నువ్వు సంతకం పెట్టాలి."

మిషన్లు ఉన్నాయి. ఎత్తేవాళ్లు గుమ్మంలో తాళ్లు పట్టుకుని చూస్తున్నారు. అక్క చేతిలో ఏమీ లేదు, ఏమీ లేకపోతే ఎక్కడ పెట్టుకోవాలో తెలియని చేతులు. ఒకదానితో ఒకటి రుద్దుకుంది.

"నిజమే," అంది. "వాడొక్కడే."

సంతకం పెట్టింది.

"ఈ రోజు నుంచి కోర్టు చెప్పేదాకా ఏ వేళనైనా వస్తాను," అన్నాడు అమీనా చిన్నోడితో, కాగితం మడుస్తూ. "షాపు తెరిచి ఉండి బల్ల దగ్గర నువ్వు కాక ఇంకెవరు కనపడినా, మళ్లీ సుద్దముక్క తీస్తాను. వీళ్లెవరు ఫోటో తీసి తెచ్చినా సరే." వీళ్లంటే ఫైనాన్సాయన. ఆయన అప్పటికే ఆ చొక్కా వేసుకుని, బండిని పంపేసి, టీకొట్టు బెంచీ మీద ఇటు తిరిగి కూర్చున్నాడు. ఫోను మోకాలి మీద పెట్టుకున్నాడు.

*

అమీనా మలుపు తిరగకముందే టీకొట్టాయన వచ్చాడు. ఆ రోజు మర్చిపోయిన గ్లాసు కోసం అనుకుంది.

"నమ్మి చెడ్డానక్కా," అన్నాడు. "నువ్వే కదా చెప్పావు, వాడి చేతిలో పస లేదని?"

"నాకేం తెలుసు. నీకేం పోయింది?"

"ఏం పోయిందా? పేకగదిలో పందెం కట్టా. నేనే కాదు, సగం వీధి. మిషన్లు పోతాయని మేమూ, పోవని వీడూ. గెలిస్తే వాడికి ఒకటికి మూడు. మొదట ఎవడూ కట్టలేదు. నువ్వు నాతో ఆ మాట అన్నాక, ఆ చొక్కా కాలాక, ఎగబడి కట్టారు. అక్కే చెప్పిందంటే ఇంకేముంది అన్నారు."

అక్క చిన్నోడి వైపు తిరిగింది. వాడు లోపలికెళ్లి మంచి చొక్కా వేసుకుని, జుట్టు దువ్వుకుంటూ వస్తున్నాడు.

"వాడి దగ్గరేముందని పందెం ఒప్పుకున్నారు?" అని అడిగింది టీకొట్టాయన్ని. అడుగుతుండగానే తెలిసిపోయింది.

"ఇత్తడి పెట్టె," అన్నాడు ఆయన. "బరువైందేలే." గ్లాసు తీసుకుని వెళ్లిపోయాడు.

చిన్నోడు ఏమీ దాచలేదు. మొహం వెలిగిపోతోంది. "చూశావా అక్కా? గెలిచాను. ఇన్నాళ్లకి గెలిచాను. మిషన్లు దక్కాయి, పైన డబ్బు."

"నీకు చేతనవును," అంది అక్క.

"చెయ్యి మర్చిపోద్దా?"

"పంతులు చొక్కా కావాలనే కాల్చావు."

"అది లేకపోతే ఎవడు కడతాడు?" అన్నాడు వాడు, ఆమె ఎందుకంత మెల్లగా మాట్లాడుతోందో అర్థం కాక. "నేను పోయి డబ్బు తీసుకునొస్తా. పొద్దుగూకేలోపు గెలిచినవాడు వెళ్లి తీసుకోకపోతే పందెం చెల్లదు. అక్కడి రూలు. కాసేపు బల్ల చూసుకో."

బల్ల పక్కన గుడ్డలు గుట్టగా ఉన్నాయి. పొద్దుటి నుంచి ఎవరూ ముట్టుకోలేదు. వాడు ఆమెకి పెట్టె అందించాడు. ఆమె అందుకోలేదు. పెట్టె వాడి చేతిలోనే గాల్లో ఉండిపోయింది.

అక్క బల్ల చుట్టూ తిరిగి ఇవతలికొచ్చింది. గిరాకీలు కూర్చునే బెంచీ మీద కూర్చుంది. అక్కడ కూర్చుంటే షాపు ఎట్లా కనపడుతుందో ఆమెకి అంతవరకు తెలీదు. చాలా చిన్నగా ఉంది.

"అక్కా."

"నేను సంతకం పెట్టాను కదా. నువ్వొక్కడివే అని."

"అది వాళ్ల కోసం."

"అదిగో వాళ్లే."

చిన్నోడు వీధి అవతలికి చూశాడు. ఫైనాన్సాయన ఫోను ఎత్తి, వాడికి నమస్కారం పెడుతున్నట్టు ఊపాడు.

"షట్టరేసి పోతా," అన్నాడు చిన్నోడు.

"వెయ్యి. మూసిన షాపులో ఎవడు బతుకుతున్నాడని ఫైనాన్సాయన అడుగుతాడు. ఇప్పుడే అమీనాకి ఫోను చేస్తాడు. బండి ఇంకా వీధి చివరే ఉంటుంది."

వాడి నుదుటి మీద చెమట పట్టింది. ఎండ గోడ మీంచి దిగి గుమ్మం దాకా వచ్చేసింది. గొంతు తగ్గించాడు. "నాన్న పెట్టె కూడా అక్కడే ఉందక్కా. నేను పోకపోతే అది కూడా పోద్ది. వేరేవాళ్ల చేతికి ఇవ్వరు. ఒక్క గంట. నీ పెట్టె తెచ్చి నీ చేతిలో పెడతా."

అక్క గూటి వంక చూసింది. ఇత్తడిపెట్టె ఉన్నచోట చెక్క మీద దాని అడుగు అచ్చు ఉంది, చుట్టూ రంగు వెలిసిపోయి అక్కడొక్కచోటే నల్లగా. చాలాసేపు చూసింది. చూసినంతసేపూ వాడు ఆశగా నిలబడ్డాడు.

"పోనీ," అంది.

"అంటే వెళ్లనా?"

"అది పోనీ."

ఆమె లేచి వెనకగదిలోకి వెళ్లింది. వాడు పెట్టె నిలబెట్టి గుమ్మం దాకా ఒకసారి వెళ్లొచ్చాడు. ఆమె చంకలో మూటతో తిరిగొచ్చింది. తన బట్టలు, రెండు జతలు. తాడు మీంచి తీసినవి తీసినట్టే ఉన్నాయి. వాటిని గుట్ట మీద పెట్టబోయి, ఆగి, గుట్ట కింద, చివర్న పెట్టింది.

"ఇవేంటి?"

"నా వంతు వచ్చాక చెయ్యి. రేపు పనిలోకి వెళ్లాలి. దుప్పట్ల గదిలో."

"హోటల్లోనా? మరి షాపు?"

"బోర్డు మీద నీ పేరే ఉందిగా."

వాడు బూతు తిట్టాడు. ఆమెని కాదు, ఆవిరి బల్లని. తర్వాత ఆమెని కూడా. అక్క విని, బెంచీ మీద వెనక్కి జరిగి, గోడకి ఆనుకుంది. ఎదుటి కొట్టులో ఎవరో గట్టిగా నవ్వారు. వీధిలో ఎండ పూర్తిగా పోయింది. పేకగదిలో ఈపాటికి దీపం పెట్టి ఉంటారు.

చిన్నోడు మంచి చొక్కా చేతులు పైకి మడిచాడు. గుట్ట మీది చొక్కా లాగి బల్ల మీద పరిచాడు. విసురుగా పెట్టె పట్టుకుని కాలర్ మీద నడిపాడు. కళ్లు వీధిలోనే ఉన్నాయి. కొస దగ్గర మొదలుపెట్టాడు గానీ మధ్యలో ఆపేశాడు.

"మడత పడింది," అంది అక్క బెంచీ మీంచి. "నీళ్లు చల్లి మళ్లీ చెయ్యి."